పెట్టెలో నిమ్మకాయ

నా చిన్నప్పుడు మా ఇంట్లో రాముడి బొమ్మనూ రావణుడి బొమ్మనూ ఒకే పెట్టెలో పెట్టడం మహాపాపం. మాది ధర్మవరం దగ్గర తోలుబొమ్మలు చేసే కుటుంబం. రెండు పక్షాలనూ కలిపి కడితే అవి కొట్టుకుంటాయని మా పెదనాయన శాసనం. విధిలేక కలపాల్సి వస్తే నడుమ కోసిన నిమ్మకాయ, కుంకుమ పెట్టి శాంతి చేయాలట. ఎండిన తోలుకు ప్రాణం ఉందని వణికే ఆ మనిషికి, మేకను కోసేటప్పుడు మాత్రం ప్రాణం మాట గుర్తుకు వచ్చేది కాదు.

ఒక ఏడు మా నాయన నెలల తరబడి చేసిన రామరావణుల జంటను ఢిల్లీలో హస్తకళల ప్రదర్శనకు పంపమని నిర్వాహకులు అడిగారు. పెదనాయన శాంతి చేసిన పెట్టెనే పోస్టులో పంపాం. బొమ్మలు రంగులు కారి, బూజు పట్టి తిరిగి వచ్చాయి. రావణుడి తలలు సగం రాముడి ఛాతీకి అతుక్కుపోయాయి.

"చూస్తిరా, ఎట్ల కొట్టుకున్యారో!" అని పెదనాయన మీసం దువ్వాడు. నాయన ఆ పూట అన్నం ముట్టలేదు.

మరుసటి ఏడు మళ్లీ అడిగారు. ఈసారీ పాడైతే ఇక మమ్మల్ని పిలవరని నాయనకు తెలుసు. కొత్త జంట సిద్ధమైంది. పెదనాయన నిమ్మకాయతో సిద్ధమయ్యాడు.

అప్పుడు మా మేనత్త, అంటే వాళ్లిద్దరి చెల్లెలు, చిరిగిన పాత బొమ్మలు రెండు జతలు తీసింది. ఒక జతను పెదనాయన చేతనే నిమ్మకాయ పెట్టించి కట్టించింది. రెండో జతను తానే కట్టింది. రాముణ్ణీ రావణుణ్ణీ ఎదురెదురుగా పడుకోబెట్టి, నడుమ పొడి కాగితం పరిచి, రెండు వైపులా గట్టి అట్టలు పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, పైన గుడ్డ కుట్టింది. పోస్టు బండిలో మూటల కింద నలిగినట్టే నలగాలని రెండింటి మీదా వేరుశెనగ మూటలు వేయించింది. కొన్నాళ్లకు అందరి ముందూ విప్పింది. నిమ్మకాయ పెట్టిన జత రసం తడికి బూజు పట్టి, కుళ్లు వాసన కొట్టింది.

"ఏందన్నా, యుద్ధం యాడ జరిగింది? ఎదురెదురుగా పండుకున్నోళ్లు సుబ్బరంగా ఉండారు. నువ్వు శాంతి చేసినోళ్లే సచ్చినారు!"

"దేవుళ్లతో పరాచికాలా నీకు? ఈ ఇంట్లో ఇంక నీళ్లు ముట్టను!" అని పెదనాయన చెంబు విసిరేశాడు. నాయన అన్నకు ఎదురు చెప్పడం ఎరగని మనిషి. ఆ రోజు మాత్రం నిమ్మకాయను పెరట్లోకి విసిరి, అత్త కట్టినట్టే పెట్టె కట్టాడు.

ప్రదర్శన ముగిసి బొమ్మలు తిరిగి వచ్చినప్పుడు ఒక్క రంగు చెదరలేదు. పెదనాయన తొంగి చూసి, "నేను మొక్కుకుంటి. అందుకే" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అత్త మాత్రం నవ్వింది. "అట్లనే కానీన్నా. మొక్కు నీ దగ్గర పెట్టుకో. నిమ్మకాయను మాత్రం పెట్టెలోకి రానీకు."

తరవాత మూఢనమ్మకాల మీద ఎన్నో సభల్లో ఎందరో పెదనాయనలతో వాదించాను. తప్పు ఒప్పుకున్నవాడు ఒక్కడూ లేడు. వాళ్లు ఒప్పుకునేదాకా పెట్టె కట్టకుండా కూర్చోవద్దని నాకు నేర్పింది అత్తే. ఇప్పటికీ ఎవరైనా దైవకోపం అనగానే, ఆ పెట్టెలో నిమ్మకాయ ఎక్కడ పెట్టారోనని ముందు వెతుకుతాను.