కథల గదిలో సరేనమ్మ

ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. సరేనమ్మ అన్నది నేను తగిలించింది. పరాయి దేశానికి భాష నేర్చుకోవడానికి వచ్చి, పొద్దున బడికీ, మధ్యాహ్నం నుంచి ఒక పెద్ద హోటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పనికీ పోయేది. అక్కడ సూపర్‌వైజర్ ఏమడిగినా ఈమె నోట ఒకటే మాట, వాళ్ళ భాషలో "సరే". దిండు గలీబులు అయిపోయాయా ఇంకా ఉన్నాయా అంటే సరే. ఆదివారం వస్తావా సోమవారం వస్తావా అంటే సరే. ఓ రోజు ఆవిడకి విసుగెత్తి "అసలు నీకు అర్థమైందా, కాలేదా?" అంటే దానికీ సరే అందట. ఆ ముచ్చట తనే మేమిద్దరం ఉండే గదికొచ్చి చెప్పింది. నవ్వుతూ మొదలుపెట్టి, మధ్యలో మొహం అటు తిప్పుకుంది.

నేను ఆమె కన్నా పదేళ్ళు పెద్ద. ఒక భోజనశాల వంటింట్లో కూరగాయలు తరిగే పని నాది. వచ్చి ఇన్నేళ్ళైనా నాకు పట్టుబడిన భాష కత్తి, గిన్నె, ఉప్పు, తొందరగా. అంతే. మాట రాకపోతే చేతులు తిప్పి చెబుతాను. ఎదుటివాళ్ళు నవ్వితే నేనూ నవ్వి ఊరుకుంటాను. సరేనమ్మకి అది చేతకాదు. నాకు అర్థం కాలేదండీ అనే చిన్న ముక్క అనాల్సొస్తే ఆ పిల్లకి తల కొట్టేసినట్టుండేది. చిన్నప్పటి నుంచీ క్లాసులో ఫస్టు. "మా అమ్మాయికి ఏ భాషైనా ఇట్టే వచ్చేస్తుంది" అని వాళ్ళ నాన్న చుట్టపక్కాలందరికీ డప్పు కొట్టి మరీ పంపించాడు. ఫోన్లో కూడా ఆయన, "ఏదీ, వాళ్ళ భాషలో ఓ ముక్క మాట్లాడమ్మా, మీ అత్తయ్య వింటుందట" అనేవాడు. పాఠంలో కంఠతా వచ్చిన రెండు వాక్యాలు అప్పజెప్పి, ఫోన్ పెట్టేసి గోడకేసి తిరిగి పడుకునేది.

రాత పరీక్షలో ఆమెని మించినవాళ్ళు లేరు. వినడం, మాట్లాడటం దగ్గరే బండి ఆగిపోయేది. ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పితే బడివాళ్ళు పై తరగతిలో చేర్చుకోరు. చేర్చుకోకపోతే వీసా పొడిగించరు. అంటే పెట్టె సర్దుకుని, ఆ డప్పు మోగిన ఊళ్ళోకి దిగాలి.

ఓ రోజు నాకు ఒళ్ళు మండి అన్నాను: "పెద్దవాళ్ళ మాటలు నీకు అందవు గానీ, పోయి పసిపిల్లల మధ్య కూర్చో. వాళ్ళకైతే నెమ్మదిగా చెబుతారు."

నేను ఎత్తిపొడుపుగా అన్నది ఆమె నిజంగానే పట్టుకుంది. బస్టాపు ఎదురుగా ఉన్న లైబ్రరీలో శనివారం పూట పిల్లలకి కథలు చదువుతారని ఎక్కడో తెలుసుకుని వెళ్ళి కూర్చుంది. చదివేది అక్కడి లైబ్రేరియనే. ఆవిడని సరేనమ్మ కథలావిడ అనేది. ప్రతి వాక్యం నిదానంగా, బొమ్మ చూపించి, వేలు పెట్టి, రెండోసారి చదివేదట. మొదటి రోజు గదికొచ్చి, "అక్కా, కుందేలు ఎందుకు ఏడ్చిందో నాకు తెలిసిపోయింది" అంది. ఆ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

రెండో శనివారం వచ్చింది చిక్కు. చుట్టూ అందరూ పిల్లల్ని తీసుకొచ్చిన తల్లులూ తాతలే. కథలావిడ నవ్వుతూ వచ్చి, "మీ పాప ఎవరండీ?" అని అడిగింది. నేనే వినడానికి వచ్చానండీ అంటే సరిపోయేది. మా సరేనమ్మకి నోరు పెగల్లేదు. ఎదురుగా పసుపుపచ్చ స్వెట్టరు వేసుకున్న ఒక చిన్నపిల్ల, వెంట ఎవరూ లేకుండా కూర్చుని ఉంది. వేలు అటు చూపించింది. "ఓహో, పాపని చూసుకునేది మీరేనా" అంది ఆవిడ. ఈమె సరే అంది.

"సిగ్గు లేదటే? ఎవరి పిల్లనో నీ పిల్లంటావా?" అని నేను నాలుగు దులిపేశాను.

"సిగ్గుతోనే కదక్కా అన్నాను" అంది.

అది మొదలు ప్రతి శనివారం ఆ పాప పక్కనే కూర్చునేది. ఆ తల్లి కూతుర్ని గుమ్మం దగ్గర దింపి పనికి పోయేది, కథ అయ్యాక వచ్చి తీసుకెళ్ళేది. లోపల లైబ్రరీవాళ్ళు చూసుకుంటున్నారని తల్లి ధీమా. ఆయా ఉంది కదా అని లైబ్రరీవాళ్ళ ధీమా. సరేనమ్మ పాప వెనకాలే గుమ్మం దాకా నడిచి, తల్లి కనిపించగానే పక్కకి తప్పుకునేది. నేనూ మరి రెట్టించలేదు. లాండ్రీలో సూపర్‌వైజర్‌కి తిరిగి జవాబు చెప్పడం మొదలెట్టిందని విని, పోనీలే, భాష వస్తోంది కదా అనుకున్నాను. ఆ అనుకున్నందుకు నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

పరీక్ష దగ్గర పడ్డాక ఒక శనివారం కథ సగంలో ఉండగా పైకప్పు నుంచి నీళ్ళు కారడం మొదలైంది. పైన ఏదో పైపు పగిలింది. కథలావిడ పుస్తకాలు తడవకుండా లాగుతూ, అందర్నీ త్వరగా బయటికి పంపేసింది. పాప కోటూ సంచీ తెచ్చి సరేనమ్మ చేతుల్లో పెట్టి, "మీ పాపని జాగ్రత్తగా తీసుకెళ్ళండి" అంది. చెప్పడానికి అదొక్కటే సమయం. నీళ్ళు కారుతున్నాయి, జనం తోసుకుంటున్నారు, ఆవిడ ఎదురుచూస్తోంది. మళ్ళీ అదే మాట వచ్చింది నోట్లోంచి.

బయట వాన. లైబ్రరీ తలుపు మూసేశారు. తల్లి వచ్చేదాకా తలుపు కనిపించేచోట ఉంటే చాలనుకుని, పాపని ఎదురుగా బస్టాపు కిందికి తీసుకెళ్ళి, కోటు గుండీలు పెట్టి కూర్చోబెట్టింది. పాప ఏడవలేదు, కొత్త కూడా చేయలేదు.

"మిగతా కథ చెప్పు" అంది.

మిగతా కథ సరేనమ్మకీ తెలియదు. కల్పించి చెప్పడం మొదలుపెట్టింది. ఆ కథలో ఓడలోకి దొంగతనంగా ఎక్కిన మేకని దించేశారని, అది ఈదుకుంటూ పోయిందని, దీవిలో దానికో ముసలావిడ దొరికిందని. మాటకోసం తడుముకోలేదు. పాప ఎందుకూ అంటే ఎందుకో చెప్పింది, తర్వాతా అంటే తర్వాతది చెప్పింది. ఆ దేశం వచ్చాక అంతసేపు ఎవరూ ఆమె మాట విన్నది లేదు. ఆ సంబరంలో పడి తలుపు వైపు చూడటం మర్చిపోయింది.

ఈలోగా తల్లి రానే వచ్చింది, తలుపు తట్టింది. పక్క తలుపులోంచి కథలావిడ వచ్చి, మీ ఆయా తీసుకెళ్ళింది కదా అంది. మాకు ఆయా ఎవరూ లేరంది తల్లి. ఆమె వీధిలో పెట్టిన కేక విన్నాకే సరేనమ్మ తల ఎత్తిందట. తల్లి రోడ్డుకి అడ్డంపడి పరిగెత్తుకొచ్చి పిల్లని లాక్కుని గుండెలకి అదుముకుంది. బస్సు కోసం నిలబడ్డ జనం చుట్టూ మూగారు.

"ఎవరు నువ్వు? నా కూతురితో నీకేం పని?"

ఆ పూట మాత్రం సరేనమ్మ సరే అనలేదు. అందరూ వింటుండగా ఒక్కొక్క వాక్యం సరిగ్గా చెప్పింది. నాకు పిల్లలు లేరు. నేను భాష నేర్చుకోవడానికి వచ్చాను. కథలు వింటే అర్థమవుతోందని ఇక్కడికి వస్తున్నాను. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడి, మీ పాపని చూసుకునేది నేనేనని అబద్ధమాడాను.

"నీ సిగ్గుకి నా కూతుర్ని అడ్డం పెట్టుకున్నావా?" అంది తల్లి. పోలీసుల్ని పిలుస్తానని ఫోన్ తీసింది. కథలావిడ బతిమాలి ఆపి, తప్పు తనదేనని, కనుక్కోకుండా పిల్లని అప్పగించానని చెప్పుకుంది. పిల్ల దక్కింది చాలనుకుందేమో, తల్లి కూతుర్ని ఎత్తుకుని వెళ్ళిపోయింది.

జనం చెదిరాక కథలావిడ సరేనమ్మతో అన్నది ఇంతే: "ఆ రోజు అడిగినప్పుడు చెప్పుంటే, మిమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టేదాన్ని కదమ్మా."

ఇదంతా ఆమె నాకు వెక్కుతూ చెప్పింది. తిడదామని నోరు తెరిచిన నేను తిట్టలేకపోయాను. ఆ సలహా నాది. ఆ తర్వాత తెలిసి ఊరుకున్నదీ నేనే.

పరీక్షలో మాట్లాడే భాగం ఆమె గట్టెక్కింది, అదీ మంచి మార్కులతో. నాన్న ఫోన్లో పొంగిపోతూ ఎలా నేర్చుకున్నావమ్మా అని అడిగితే, బళ్ళో బాగా చెబుతారు నాన్నా అంది. ఫోన్ పెట్టేశాక, "అక్కా, శనివారం నాతో రా. కథలావిడకి క్షమాపణ చెప్పాలి. ఒక్కదాన్నే వెళ్ళలేను" అంది.

పని మానుకుని వెళ్ళాను. దారి పొడుగునా ఏం చెప్పాలో పెదవుల కిందే వల్లె వేసుకుంటూ నడిచింది. కథల గది అద్దాల తలుపుకి కొత్తగా ఒక బోర్డు తగిలించి ఉంది. లోపల పిల్లలు అప్పుడే కూర్చుంటున్నారు. కథలావిడ తలుపు దగ్గర బల్లేసుకుని, లోపలికొచ్చే ప్రతి పెద్ద మనిషి పేరూ అడిగి రాసుకుంటోంది. సరేనమ్మ బోర్డు ముందు ఆగిపోయింది.

"ఏం రాశారే?" అన్నాను. నాకా అక్షరాలు రావు.

ఎక్కడా ఆగకుండా, మొదటి నుంచి చివరిదాకా తెలుగులో చెప్పింది. "పిల్లలు వెంట లేని పెద్దవాళ్ళు ఈ గదిలోకి రాకూడదట. ఏ పిల్ల ఎవరితో వచ్చిందో ముందుగా రాయించాలట. ఇన్నాళ్ళూ అడగకుండా అందర్నీ నమ్మినందుకు తల్లిదండ్రులు తమని మన్నించాలట. కింద ఆవిడ సంతకం ఉంది."

నేను తలుపు మీద చెయ్యి వేశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నేను చెప్పాల్సిన క్షమాపణ ఆవిడ చెప్పుకుందక్కా" అంది.