చెరువుకట్ట మీద ఓడ మాట

ఈమధ్య ఒక సాయంత్రం ఆత్మకూరులో మా ఇంటి వరండాలో కూర్చుని మా చిన్నమ్మాయి పైకి చదువుకుంటోంది. కెమికల్ ఇంజనీరింగు పాఠం. నీళ్ళు శుద్ధిచేసే ట్యాంకులో రెసిన్ గుళికలు ఉబికి లేవడానికి పైన వదిలే ఖాళీని ఫ్రీబోర్డ్ అంటారట. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. నా పుస్తకాల్లో అది చెరువు నిండినప్పుడు నీటిమట్టానికీ కట్ట పైభాగానికీ మధ్య మిగిలే ఎత్తు. మేమిద్దరం ఎవరిది అసలు అర్థమని సరదాగా వాదులాడుకుంటుంటే, పక్క కుర్చీలోంచి మా మేనమామ "అది ముందు ఓడలది" అన్నట్టే అనిపించింది. ఆయన పోయి చాలా కాలమైంది. అయినా పొద్దు వాలే వేళ ఆయనకు మా వరండాకు దోవ తెలుసు.

మామ విశాఖపట్నంలో ఓడలు కట్టే చోట పనిచేసి, ఉద్యోగం అయ్యాక ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దోవలో ఉన్న మా మెట్ట పల్లెకు వచ్చేశాడు. అక్క ఇంటి పక్కనే ఇల్లు వేసుకున్నాడు గానీ సముద్రాన్ని మాత్రం అక్కడ వదిలి రాలేదు. మా అమ్మ పాలగిన్నె అంచుదాకా నింపితే చాలు, "అక్కా, ఫ్రీబోర్డ్ లేదు, చూసుకో" అనేవాడు. అమ్మ గరిటె ఎత్తేది. ఓడలో ఎంత సరుకు వేసినా నీటికీ డెక్కుకీ మధ్య కొంత ఎత్తు మిగలాలని, అది అలల వాటా అని చెప్పేవాడు. సముద్రం ఎరగని మా ఊళ్ళో ఆ మాటలు వింటుంటే నిద్ర ముంచుకొచ్చేంత హాయిగా ఉండేది.

నేను సివిల్ చదువు ముగించి ఊరికొచ్చిన ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. మా చెరువు నిండడమే అరుదు. నిండితే ఊరందరి కళ్ళూ కలుజు మీదే. కలుజంటే ఎక్కువైన నీళ్ళు పొర్లి వాగులో పడే రాతిగోడ. దాని మీద ఇసుక బస్తాలు పేర్చి ఇంకో మూరెడు నీళ్ళు ఆపుకోవడం మా వైపు అలవాటు. ఆ మూరెడు నీళ్ళుంటే రెండో కారు వరి చేతికొస్తుంది. మా నాయన దగ్గరుండి పేర్పించాడు. మామ ఊరుకోలేదు.

"అలలకు చోటు లేకుండా చేస్తుండావు బావా. కట్ట తెగితే కింద ఊరుండాది."

"ఇదేమన్నా ఓడంటరా? చెరువు."

"ఓడకి నీళ్ళు బయటుంటాయి, చెరువుకి లోపలుంటాయి. అంతే గదా తేడా."

నాయన నా వైపు తిరిగి, "నీ చదువు ఏమంటాది?" అన్నాడు. మామ మాటే అంటుందని చెప్పాను. తరవాత కొన్నాళ్ళు నాయనకు మా ఇద్దరితోనూ మాటల్లేవు. అన్నం కూడా గోడవైపు తిరిగి తినేవాడు.

దీపావళి దాటాక తుపాను పట్టింది. ఒక తెల్లవారుజామున మేమంతా కట్ట మీదున్నాం. ఉదయగిరి కొండ మబ్బులో కలిసిపోయింది, చెరువుకు అవతలి ఒడ్డు కనబడలేదు. గాలి లేచినప్పుడల్లా చిన్న చిన్న అలలు వచ్చి మేము నిలుచున్న దోవను తడిపి వెళ్ళేవి. నాయన తన పాదాల మీదికి వచ్చిన నీళ్ళను చాలాసేపు చూశాడు. తరవాత పంచె ఎగ్గట్టుకుని కలుజు దగ్గరికి వెళ్ళి, మొదటి బస్తా తానే లాగేశాడు. ఊరివాళ్ళు ఒక్క క్షణం ఆగి, ఆయన వెనకే చేతులు వేశారు. నీళ్ళు హోరుమని వాగులోకి దూకాయి. పోతున్నది రెండో కారు అని అక్కడ అందరికీ తెలుసు. నాయన ముఖం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

తెరిపి ఇచ్చాక మామ ఆయన పక్కన చేరి, "బస్తాలు ఉంచినా కట్ట తెగేదో లేదో నాకూ తెలీదు బావా" అన్నాడు.

"తెలీకే గదరా, అంత ఖాళీ వదిలిపెట్టేది" అన్నాడు నాయన. చాలా రోజుల తరవాత వాళ్ళిద్దరూ ఒకే బీడీ పంచుకున్నారు.

మొన్న అమ్మాయిని ఆ కట్ట మీదికి తీసుకెళ్ళాను. చెరువు నిండుగా, కదలకుండా ఉంది. నీళ్ళకు పైన పొడిగా మిగిలిన వాలులో మేకలు గడ్డి కొరుకుతున్నాయి. ఇప్పుడు లేని నాయనా, మామా అక్కడే ఎక్కడో కూర్చున్నట్టుంది. ఇంకా ఎంత కాలం మిగిలుందో నాకూ తెలియదు. అందుకే ఇప్పుడు రోజును అంచుదాకా నింపను. సాయంత్రం కాస్త ఖాళీ వదులుతాను, వాళ్ళు వచ్చి కూర్చోవడానికి.