లెక్క చూపించని రాయి

పోయిన వారం సాయంత్రం మా పక్కింటావిడ, నాలాగే పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు, టీవీలో వార్తలు చూస్తూ నన్ను కేకేసి పిలిచింది. ఎక్కడో ఒక దేశం, తన అణు కేంద్రాల్లో బయటివాళ్ళు పెట్టిన కెమెరాలు తీసేయించి, లెక్కలు చూడటానికి వచ్చిన తనిఖీదారులను విమానం ఎక్కించి పంపేసిందట. ఒక దేశపు సరుకును ఇంకొకరు వచ్చి లెక్కపెట్టడమేమిటని ఆవిడ సందేహం. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని కాబట్టి, ఆ ఇంధనం కరెంటుకూ పనికొస్తుంది, బాంబుకూ పనికొస్తుంది, పక్కదారి పట్టకుండా దేశాలన్నీ చేసుకున్న ఏర్పాటు అది అని నాకు తెలిసినంతలో వివరించాను. చెబుతున్నంతసేపూ మా అత్తే కళ్ళ ముందు మెదిలింది. ఈ సంగతులు నేను మొదటిసారి విన్నది ఆమె వంటింటి గడప దగ్గరే.

అత్త అంటే మా మేనమామ భార్య. నేను జమ్మలమడుగు ఆడపిల్లల హైస్కూల్లో పనిచేసే రోజుల్లో, ఎండాకాలం సెలవులివ్వగానే బస్సెక్కి పులివెందుల మీదుగా మామ ఊరికి చేరుకునేదాన్ని. ఊరి పక్కన ఆయనకు చీనీతోట, అదే బత్తాయితోట, ఉండేది. ఆ తోటను ఆనుకొని, అత్తకు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన మెట్టచేను ఉండేది. ఒక ఏడు వెళ్ళేసరికి ఆ చేను పక్కన గుడారాలు వెలిశాయి. యురేనియం వెతికే సర్వేవాళ్ళు పొద్దస్తమానం ఇంజను పెట్టి భూమికి బెజ్జాలు వేస్తూ, లోపలినుంచి కడ్డీల్లా వచ్చే నల్లరాతి ముక్కలను చెక్కపెట్టెల్లో వరసగా పేర్చుకునేవాళ్ళు. వాళ్ళ ఆఫీసరు బెంగాలు కుర్రవాడు. అత్త చేతి సంగటికి అలవాటుపడి, మా ఇంట్లోనే భోంచేస్తూ, మా యాసే నేర్చుకున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం అతను మెడలో రేడియేషన్‌ను పసిగట్టే పెట్టె ఒకటి వేసుకొని పెరట్లోకి వచ్చాడు. మామూలుగా ఒకటీ అరా టిక్కుమనే ఆ పెట్టె, అత్త బట్టలుతికే బండ దగ్గరికి రాగానే ఆగకుండా చిటపటలాడింది. ఆ బండను మామ తండ్రి కొండ దగ్గరినుంచి బండిమీద తోలించుకొచ్చాడట. ఆఫీసరు నవ్వి, శానా తక్కువమ్మా, భయం లేదు అన్నాడు. అత్త తలూపింది గానీ, మరునాడు పొద్దున్నే మనుషుల్ని పిలిపించి గడ్డపారలతో ఆ బండను ఊరి బయటికి దొర్లించింది. అణువు గురించి ఏటేటా నల్లబల్ల మీద బొమ్మలు గీసి చెప్పిన నేను, అది మా పెరట్లోనే కూర్చొని ఉందని ఆ రోజే తెలుసుకున్నాను.

ఎడారిలో మనవాళ్ళు అణుబాంబు పరీక్షలు చేశారని రేడియోలో చెప్పింది కూడా అలాంటి సెలవుల్లోనే. ఊళ్ళో టపాకాయలు కాల్చారు, మామ చక్కెర పంచాడు, నాకూ ఒళ్ళు పులకరించింది. ఆఫీసరు మాత్రం పళ్ళెం ముందు ఊరికే కూర్చున్నాడు.

“ఏం నాయనా, అన్నం ముట్టకుండా ఉండావు? మా రాయి కూడా అట్లాటిదానికే పోతాదా?” అని అత్త అడిగింది.

అతను ఒక్క క్షణం నావైపు చూసి, కరెంటుకేనమ్మా అన్నాడు. బయటి దేశాలనుంచి కొన్న సరుకైతే తనిఖీవాళ్ళు వచ్చి సీళ్ళు వేసి లెక్క చూస్తారనీ, మన నేలలోంచి మనం తవ్వుకున్నదాన్ని ఎవరూ వచ్చి చూడరనీ మెల్లగా చెప్పాడు.

“అంటే మాది లెక్కలేని రాయా?”

“లెక్క ఉంటాదమ్మా. ఎవురికీ చూపించే పని లేదు.”

ఆ తర్వాత కొన్నాళ్ళకు అతనికి బదిలీ అయింది. బెజ్జాలకు సిమెంటు మూతలు వేసి గుడారాలు ఎత్తేశారు. చాలా ఏళ్ళు ఎవరూ రాలేదు. ఊరివాళ్ళు మరిచిపోయారు, అత్త మరువలేదు. చివరికి గని వస్తుందని తేలి, భూములు కావాలని షామియానా వేసి సభ పెట్టినప్పుడు నేను కూడా వెళ్ళాను. అందరూ ఉద్యోగాల గురించీ నీళ్ళ గురించీ అడిగారు. ఆడవాళ్ళ వరసలోంచి అత్త లేచి నిలబడింది.

“ఈ రాయి కరెంటుకే పోతాదని రాసిస్తారా సామీ?”

వెనకనుంచి ఎవరో నవ్వారు. వేదిక మీది అధికారి మర్యాదగానే, అదంతా ఢిల్లీవాళ్ళు చూసుకుంటారమ్మా అన్నాడు.

“వాళ్ళను చూసేటోళ్ళు ఎవురు?”

మామ తల దించుకున్నాడు. అధికారి సైగ చేయగానే మైకు ఇంకొకరి చేతికి వెళ్ళింది.

చేను ఆమె పేరున ఉంది కాబట్టి ఆమె సంతకం లేనిదే పని జరగదు. చుట్టుపక్కల వాళ్ళంతా ఇచ్చేసినా ఆమె ఇవ్వలేదు. మామ కొన్నాళ్ళు ఆమెతో మాట్లాడటం మానేశాడు. బంధువులు వచ్చి నచ్చజెప్పి వెళ్ళేవాళ్ళు. ఈలోగా వరసగా వానలు తప్పి, బావి అడుగంటి, చీనీచెట్లు నిలువునా ఎండిపోయాయి. కొట్టేసిన మొద్దులు కళ్ళం నిండా పడి ఉండగా మామ కొడుకు తల్లి పక్కన కూర్చున్నాడు.

“నేను ఈడ్నే బతకాలంటే, చేను ఇచ్చినోళ్ళకు గనిలో ఇచ్చే పని ఒక్కటే దావమ్మా. నువ్వు వద్దంటే బెంగుళూరికి పోతా, వాచ్‌మన్ పనికి.”

ఆమె ఆ మరునాడే సంతకం పెట్టింది. ఇంటికి తిరిగొచ్చాక, సెలవులకు వచ్చి ఉన్న నా పక్కన కూర్చొని అంది.

“నా మీద పడతాదని భయం లేదు పాపా. ఏ దేశంలో, ఎవురింటి మీద పడినా, దాంట్లో నా పసుపు కుంకుమ ఉంటాదేమో.”

నాకు తెలిసిన శాస్త్రంలో ఆ భయానికి మందు లేదు. మామ కొడుక్కు ఉద్యోగం వచ్చింది, పిల్లలు పులివెందులలో మంచి బడికి వెళ్ళారు, కొత్త ఇల్లు లేచింది. అవన్నీ చూసి ఆమె సంతోషించింది కూడా. కానీ సరిహద్దులో కాల్పులన్నా, ఎక్కడో యుద్ధమన్నా, అప్పటికి నేను మకాం మార్చిన ప్రొద్దుటూరులో నా ఫోను మోగేది. “ఏమన్నా ఏసినారా పాపా?” అని అడిగేది. లేదత్తా అనగానే పెట్టేసేది. పోయేముందు ఆసుపత్రి మంచం మీద కూడా ఒకసారి అదే అడిగింది. అప్పుడు ప్రపంచంలో ఏ యుద్ధం జరుగుతోందో నేనే మరిచిపోయి, లేదనే చెప్పాను.

మా తరంవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఊళ్ళోంచి శెనక్కాయలు బయలుదేరితే ప్రొద్దుటూరులో ఏ మిల్లులో ఆడిందీ, ఆ నూనె ఎవరి అంగడికి చేరిందీ తిరిగొచ్చిన మనిషి అరుగుమీద కూర్చొని పూసగుచ్చినట్టు చెప్పేవాడు. మన మట్టిలోంచి వెళ్ళినదానికి అవతల ఒక ఊరు, ఒక మనిషి పేరు ఉండేవి. ఇప్పుడు మా మామ కొడుకు గనిలో పనిచేస్తూ, రాయి బయటికి రావడం ఇరవై అడుగుల దూరంలోంచి రోజూ చూస్తూనే ఉంటాడు. తన చేను రాయి గేటు దాటి, పొడిగా మారి ఎటు వెళుతుందో అతనికి తెలియదు. పోయినేడు వెళ్ళినప్పుడు ఊళ్ళో నలుగురూ కూడినచోట చాలాసేపు కూర్చున్నాను. జీతాల మాట వచ్చింది, షిఫ్టుల మాట వచ్చింది, ఎన్నికల మాట వచ్చింది. ఆ రాయి యాడికి పోతాదని ఎవరూ అనలేదు. అడిగే అలవాటే పోయింది ఆ ఊరికి.