తమ్ముడు తిరిగి రాని భాగం

తోరిసు మియోకో పేరు వింటే టోక్యో స్టూడియోల్లో కార్టూన్లకు గొంతిచ్చే నటులు నవ్వుతూనే దండం పెడతారు. "ఆవిడ రాసిందా? అయితే నేను ఎన్నో భాగంలో పోతానో ముందే చెప్పండి బాబూ" అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆమె కార్టూన్ సీరియళ్లకు కథలు రాస్తోంది. చంపిన పాత్రలందరినీ ఒకచోట చేరిస్తే చిన్న ఊరే అవుతుంది. తిడుతూ వచ్చే ఉత్తరాల్లో అక్షరదోషాలు దిద్ది మరీ దాచుకుంటుంది, అంత మొండిఘటం.

ఆదివారం పొద్దున పిల్లలు చూసే సీరియల్ ఆమె చేతికి రావడం అదే మొదటిసారి. ఒక అక్క, ఒక తమ్ముడి కథ. పన్నెండో భాగంలో తమ్ముడు జబ్బుచేసి చనిపోతాడు. అది చదివిన నిర్మాత మునకతకు ముచ్చెమటలు పోశాయి.

"పొద్దున్నే పసివాణ్ణి చంపుతారా తోరిసు గారూ? డబ్బు పెట్టే ఆటబొమ్మల కంపెనీవాళ్లు నా పీక పట్టుకుంటారు. ఊరెళ్లాడని రాసి, చివర్లో తిరిగి తీసుకొచ్చేయండి."

"రాయను."

"ఇంకొకరితో రాయిస్తా. మీ పేరు తీసేస్తా."

"తీసేయండి. ఆ అబద్ధం కింద నా పేరు వద్దు."

అంత మాట అనేసిందే గాని, రైల్లో దిగాల్సిన స్టేషను దాటేసింది. ఈ అవకాశం కోసం ఎన్నేళ్లు ఎదురుచూసిందో ఆమెకే తెలుసు.

కానీ ఆ అబద్ధం ఆమె తిన్న దెబ్బే. తొమ్మిదేళ్లప్పుడు, సొంతూరు కుషిరోలో, తమ్ముడు యాసుయుకి ఆసుపత్రికి వెళ్లాడు. ఆమెను పిన్ని ఇంటికి పంపి, అంత్యక్రియలు కానిచ్చేశారు. "నెమురోలో అమ్మమ్మ దగ్గరున్నాడు" అంది అమ్మ. పోయినవాళ్ల ఫొటోలుంచే పూజామందిరం తలుపులు మూసే ఉంచింది, లోపలి తమ్ముడి ఫొటో కనబడకుండా. రెండేళ్లు మియోకో బస్సు దిగే ప్రతి పిల్లవాణ్ణీ చూసింది. చివరికి బడిలో ఎవరో చెప్పారు. ఇంట్లో మాత్రం నేటికీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

రికార్డింగు రోజు మియోకో స్టూడియోకి వెళ్లేసరికి ఆమె మొదటి ప్రతి, మునకత రాయించిన కొత్త ప్రతి రెండూ బల్లమీద ఉన్నాయి. పక్కనే పెద్ద పూలగుత్తి కూడా ఉంది. పాత్ర చనిపోయిన రోజు ఆ నటులకు పూలివ్వడం అక్కడి ఆనవాయితీ. మొదటి ప్రతి చూసి ఆఫీసువాళ్లు పూలకు ఎప్పుడో చెప్పేశారు, రద్దు చేయడం మరిచారు. తమ్ముడికి గొంతిచ్చే డెబ్బై ఏళ్ల ఇనోఒ హత్సుయే ఆ గుత్తిని అప్పటికే ఒళ్లో పెట్టుకుంది.

"అది పొరపాటమ్మా, ఇటిచ్చేయండి" అన్నాడు మునకత.

"ఇచ్చిన పూలు లాక్కుంటావా? ఈ వృత్తిలో తొమ్మిదిసార్లు చచ్చాను నాయనా. చావనివ్వనని అడ్డం పడ్డవాణ్ణి నిన్నే చూశాను. మియోకో, ఏది చదవమంటావ్?"

"మొదటిదే."

"నిర్మాతను నేను!"

"అవునవును, నువ్వే. కూర్చో."

హత్సుయే చదివింది. పసివాడి ఊపిరి ఆగినచోటికి రాగానే మునకత కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"కంపెనీవాళ్లతో నేను మాట్లాడుకుంటా. ఆవిడ పేరు ఉండనీండి" అన్నాడు.

ఆ భాగం ప్రసారమైన ఆదివారం, కార్యక్రమం అయిపోయిన కాసేపటికి కుషిరో నుంచి ఫోను వచ్చింది.

"చూశానే" అంది అమ్మ. "యాసుయుకి ఫిబ్రవరి తొమ్మిదిన పోయాడు. పొద్దున్నే. నీ పసుప్పచ్చ మఫ్లరు కావాలని ఒకటే గోల. అదే కప్పి పంపాం. నువ్వేమో దానికోసం ఇల్లంతా వెతికావు."

మియోకోకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలనీ అనుకోలేదు.

"ఇంకా చెప్పమ్మా" అంది.