పారిపోయే పిల్లల నర్సు

అక్క చనిపోయిందన్న కబురు నాకు చేరేసరికి ఒకటో తరగతి పాప ముక్కు నా వేళ్ల మధ్య ఉంది. రక్తం ఆగేదాకా వదలకూడదు. బల్ల మీద ఫోను వెలిగింది. నిజామాబాద్ నుంచి ఆమె కూతురు పంపిన మెసేజ్: "అమ్మ పొద్దున పోయింది." చదివాను. వేళ్లు అలాగే ఉంచాను.

"సిస్టర్, గట్టిగా నొక్కుతున్నారు," అంది పాప.

"కదలకు నాన్నా," అన్నాను.

ఆమె నాకు చుట్టం కాదు. ఆస్పత్రిలో ఎమర్జెన్సీ వార్డు ఉద్యోగం మానేసి, స్కూల్ నర్సింగ్‌లో పీజీ డిప్లొమా చదువుతున్నాను. కొన్ని రోజులు క్లాసులు, మిగతా రోజులు దోహాలోని ఈ బడి క్లినిక్‌లో శిక్షణ. ఇక్కడ నాకు పని నేర్పిన సీనియర్ నర్సు ఆమె. తనూ ఇదే కోర్సు చదివింది, కూతురు కాలేజీలో చేరిన ఏడాదే. "తల్లీబిడ్డలం ఒక్క బల్ల మీద కూసోని చదివినం. అది నన్ను జూసి నవ్వేది, నేను తిడుతుంటి," అనేది.

కడుపునొప్పి అంటూ వచ్చిన పిల్లలకు నేను వెంటనే థర్మామీటర్ పెట్టేదాన్ని. అక్క ముందు అడిగేది, "ఇప్పుడు ఏం పీరియడ్ నడుస్తుంది బిడ్డా?" అని. లెక్కల పీరియడ్ అయితే నావైపు ఒక చూపు విసిరేది. అలాగని అబద్ధమాడుతున్నావంటూ ఎవరినీ పంపేయలేదు. "గుంజుతుందా? సలుపుతుందా? పొడుస్తుందా, తిప్పుతుందా?" నొప్పికి ఇన్ని మాటలున్నాయని నేను గమనించింది ఆ గదిలోనే. మాటల పిచ్చి పట్టింది కూడా అప్పుడే. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలోని మా ఇంటికి బస్సులో వెళ్తూ ఒక్కో మాటనూ నాలుక మీద తిప్పి చూసుకునేదాన్ని. ఒకసారి ఓ పిల్లవాడు ఆ ప్రశ్నలన్నీ విని, చాలాసేపు ఆలోచించి, "అమ్మ ఊరెళ్లిందండీ," అన్నాడు. "గదే నొప్పి," అంది అక్క నాతో, మెల్లగా.

ఆరో తరగతిలో ఒక తెలుగమ్మాయికి షుగరు జబ్బు. మధ్యాహ్నం అన్నానికి ముందు ఇన్సులిన్ వేసుకోవాలి. తోటివాళ్లు చూస్తారని క్లినిక్‌కు వచ్చేది కాదు. బాత్రూంలో తలుపేసుకుని వేసుకునేది, తర్వాత అదీ మానేసింది. ఒకరోజు నీరసంతో క్లాసులోనే బల్ల మీద వాలిపోయింది.

రోజూ టీచరుతో రప్పిద్దామన్నాను నేను.

"పట్టుకొస్తే వస్తది. రేపు ఇంకో బాత్రూం ఎతుక్కుంటది. ఆస్పత్రిల పేషెంటే మనదగ్గరికి వస్తడు. బడిల పిల్లలు మనల్ని జూసి ఉరుకుతరు. అందుకే కదనే ఈ చదువు!" అంది అక్క.

మర్నాడు ఆ అమ్మాయిని పిలిపించి నన్ను చూపించింది. "ఈ అక్కకు ట్రైనింగ్ నడుస్తుంది. సూది ఎట్ల ఏసుకుంటరో జర నేర్పరాదు?"

"అక్క నర్సే కదా ఆంటీ, రాదా?"

"మందికి పొడుసుడు మస్తు వచ్చు. తనకు తాను పొడుసుకొమ్మను, చూద్దాం!"

అమ్మాయి పగలబడి నవ్వింది. పొట్ట దగ్గర చర్మం మడత ఎలా పట్టుకోవాలో చూపించింది. ఉత్త సెలైన్ సూదే అయినా నా చెయ్యి నిజంగానే వెనకాడింది. "కళ్లు మూసుకోకండి అక్కా, ఇంకా భయమేస్తుంది," అంది చాలా పెద్దరికంగా. ఆ తర్వాత తనే రావడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు స్నేహితురాలినీ వెంట తెచ్చుకుంది.

వేసవి సెలవులకు ముందు అక్క జబ్బు బయటపడింది. "మా అవ్వకు గల్ఫంత దుబాయే. ఫోన్ల అంటది, దుబాయ్‌ల నర్సువు, నీకు రోగమేందే అని. ఏం జెప్పాలె?" అని నవ్వబోయి ఆగిపోయింది. వైద్యానికి ఊరికి బయల్దేరేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఆ పిల్ల పైలం. మళ్ల తలుపేసుకోకుండ చూడు," అంది. నాతో ఆమె ఎదురుగా మాట్లాడిన చివరి మాట అది.

కబురు వచ్చిన రోజు మధ్యాహ్నం అమ్మాయి ఎప్పటిలాగే వచ్చింది. అన్నం తిన్నాక చెప్పాలనుకున్నాను. సూది వేసుకుని, డబ్బా తెరిచి, నా మొహం చూసింది.

"ఆంటీ ఎప్పుడొస్తారు?"

"రారమ్మా," అన్నాను. తనకు అర్థమైంది. డబ్బా మూత పెట్టేసింది.

"నాకొద్దు."

మందు ఒంట్లోకి వెళ్లిపోయింది. ఇప్పుడు తినకపోతే షుగరు పడిపోతుంది. ఆ సంగతి తనకూ తెలుసు. ఏడవడానికైనా ఆగే వీల్లేదు.

"తినాలి తల్లీ."

"మీరు తింటే తింటాను."

టమాటా అన్నం సగం మూతలో వేసి నా ముందుకు జరిపింది. ఒక ముద్ద కలుపుకున్నాను. తను నన్ను చూస్తోంది, నేను తనను చూస్తున్నాను. ఒకరి కోసం ఒకరం మింగుతున్నాం.

తలుపు బార్లా తెరిచే ఉంది. వరండాలో పోతున్న పిల్లలు గుమ్మం దగ్గర ఆగారు. అమ్మాయి వాళ్లవైపు తిరిగి, కళ్లు తుడుచుకోకుండానే, ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుంది.