ప్రకటనలోంచి ఉయ్యాల తీసేసిన సంగతి

కీసరగుట్ట దేవుడి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నా సంగతి తెలిసిన మేడ్చల్ వాళ్ళు ఇది చదివి నవ్వుతారు. నవ్వనీయండి. ముందుగానే ఉద్యోగం మానుకుని ఇంట్లో కూర్చున్నవాడికి అబద్ధాలతో ఏం పని?

రెండువేల తొమ్మిది వానాకాలంలో శామీర్‌పేటలో, పిల్లల సామాను ఇంటర్నెట్‌లో అమ్మే ఒక చిన్న కంపెనీలో ప్రకటనల మేనేజరుగా చేరాను. కింద గోదాము, పైన ఆఫీసు. గట్టి వాన పడితే చెరువు చేపలు మెట్లెక్కి వచ్చి హాజరు వేయించుకునేవి. నా పై అధికారి జనరల్ మేనేజర్ నర్సింగరావు గారు. నా పని, వస్తువును బుట్టలో వేసి కొనకుండా వెళ్ళిపోయినవాళ్ళను వెనక్కి రప్పించడం. దసరాలోగా వాళ్ళు రాకపోతే ఆఫీసు మూసేస్తామని యజమానులు చెప్పేశారు.

పద్ధతి ఇది. మా సైటు చూసినవాళ్ళ కంప్యూటరులో కుకీ అనే చిన్న గుర్తు మిగిలిపోతుంది. తర్వాత వాళ్ళు వార్తలు చదువుకుంటున్నా, ఆ గుర్తును బట్టి పక్కన మా ప్రకటన వస్తుంది. మొదట వదిలేసిన వస్తువు ఒక్కటే చూపించాం. ఎవరూ కదల్లేదు. అప్పుడు నాలుగింటిని ఒకే పట్టీలో కలిపాను: ఉయ్యాల, దోమతెర, స్నానపు తొట్టి, గిలక్కాయ. విడివిడిగా అవి సామాను. పక్కపక్కన పెడితే పసిబిడ్డ ఉన్న ఇల్లు. జనం తిరిగి రాసాగారు. నర్సింగరావు గారు నాకు స్వయంగా చాయ్ తెప్పించారు.

ఒక సాయంత్రం తుర్కపల్లి ల్యాబుల నుంచి వచ్చే క్యాబు మా ముందు ఆగింది. దిగినతని పేరు శ్రీనివాస్, ఇల్లు యాప్రాల్‌లో. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, గా ఉయ్యాల బొమ్మ జర బంద్ చెయ్యుండ్రి. మా ఆమెకు ఏడో నెల."

"మంచి ముచ్చటే గద తమ్మీ."

"పోయినసారి ముందుగాల్నే ఉయ్యాల కొన్నం సార్. గది ఇంక అటక మీదనే ఉన్నది."

మా ఇళ్ళలో బిడ్డ పుట్టకముందు ఏ సామానూ కొనరు. ఉయ్యాల ఇరవై ఒకటో రోజు ముచ్చట. నా పిల్లలకూ అలాగే చేశాం. అయినా, ఉయ్యాలను బుట్టలో వేసి వదిలేసినవాళ్ళకు ధర నచ్చలేదనే అప్పటిదాకా అనుకున్నాను.

కుకీ తీసేయడం ఎలాగో చెప్పబోయాను.

"తీసేసిన సార్. మా ఆమె మల్ల మీ సైటుకే పోయి సూస్తది. సూడకుంట ఉండలేదు. ఆమె సూసుకుంటె సూసుకోని. మీరు సూపియ్యకుండ్రి."

ఒక్కరికి మాత్రమే ఆపే వీలు అప్పట్లో మా దగ్గర లేదు. ఆపితే అందరికీ ఆపాలి. నర్సింగరావు గారికి చెప్పాను.

"ఒక్కని కోసం అందరికి బంద్ వెడ్తవా? మస్తు దయగల్లోనివి! ఇగ ఆఫీసుకు తాళం గూడ నువ్వే వెయ్యి."

మరునాడు ఆ నాలుగూ తీసేసి బడిసంచి, టిఫిన్ డబ్బా, గొడుగు, రెయిన్‌కోటు పెట్టాను. వచ్చే జనం పలచబడ్డారు. దసరా వెళ్ళింది. నర్సింగరావు గారు తాళంచెవి నా బల్ల మీద పెట్టారు. ఆ వారంలోనే యాప్రాల్ నుంచి ఒక ఉయ్యాల ఆర్డరు వచ్చింది. నేనే తీసుకెళ్ళాను. తలుపు తీసేసరికి లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించింది.

ఆ ఉద్యోగంలో తెలుసుకున్నది ఇంతే: బుట్టలో వేసి వదిలేసినవాళ్ళందరూ మరిచిపోయి వదిలేయరు. ఎందుకు వదిలేశారో తెలియకుండా ఒక వస్తువుకు ఇంకో మూడు తోడుచేసి పంపకూడదు.

ఇక ప్రమాణం సంగతి. చేపలు మెట్లెక్కలేదని మీకు అప్పుడే తెలిసి ఉంటుంది. యాప్రాల్ నుంచి ఆర్డరు కూడా రాలేదు. ఆ ఏడుపు నేను అల్లింది. నేను తాళం వేస్తుండగా తుర్కపల్లి క్యాబు మా ముందు నుంచే వెళ్ళింది, ఆగలేదు. ఆ ఇంట్లో ఏమైందో నాకు తెలియదు.