అత్తాఅల్లుళ్ల మధ్య ఆగిపోయిన టీవీ

మట్టెవాడలో వెంకట్రాజం ఇంటికి ఇల్లరికం వచ్చిన సారంగపాణి పుట్టుకతోనే దర్జీ. రఘునాథపల్లిలో ఉన్న రోజుల్లో గోడ అవతల ఎవరైనా దగ్గితే, ఆ దగ్గును బట్టి ఛాతీ కొలత చెప్పేవాడట. ఒక పెళ్లికొడుకు గొంతు ఫోన్లో విని షేర్వానీ కుట్టి పంపితే, మెడ దగ్గరి గుండీ కూడా సరిగ్గా పట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్లలో సారంగపాణే ముందుంటాడు, అది వేరే సంగతి.

అంతటి చేతికి మామ బట్టల దుకాణంలో దొరికిన పని థాన్లు విప్పి చూపించడం, బేరం కుదరక వాళ్లు వెళ్లిపోయాక మళ్లీ చుట్టిపెట్టడం. కుట్టుమిషను ఇంట్లో అతని గదిలో దుప్పటి కప్పుకొని నిద్రపోతోంది. ఆ గది కూడా గదిగా పుట్టింది కాదు. ఒకప్పుడు వెంకట్రాజం సరుకు దాచుకున్న గోదాము. కిటికీకి ఇనుప చువ్వలు, ఒకే ఒక్క ద్వారం, దానికో తెర. ఆ ద్వారం నేరుగా హాల్లోకి తెరుచుకుంటుంది. హాల్లో గోడ నిండా స్మార్ట్ టీవీ. టీవీ ముందు కుర్చీలో అత్తగారు కట్టమ్మ.

చిక్కంతా అక్కడే ఉంది. కట్టమ్మది పాతకాలపు మర్యాద. అల్లుడు ఎదురుపడితే ఆమె కుర్చీలో కూర్చోదు, ముఖాముఖి నిలబడదు, నేరుగా మాట్లాడదు. ఏదైనా చెప్పాలంటే మధ్యలో మూడో మనిషి ఉండాలి. అల్లుడు హాల్లోకి రాబోతూ దగ్గితే, ఆమె లేచి తల మీద కొంగు సర్దుకొని వంటగది తలుపు వెనక్కి వెళ్లాలి. కిందటి నెలలో అలాగే దగ్గితే, ఆదరాబాదరాగా లేచిన కట్టమ్మ గడప తన్నుకొని పడింది. మోకాలికి కట్టు కట్టించుకొచ్చింది. వెంకట్రాజం దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లకూ "మా అల్లుడు దగ్గిండు, మా ఇంటామె కాలు వాసింది" అని చెప్పుకున్నాడు. ఆ రోజుతో సారంగపాణి ఒట్టు పెట్టుకున్నాడు. అత్తమ్మ సీరియల్ చూస్తున్నంతసేపు గదిలోంచి కదలనని.

సీరియల్ ఎంతసేపని, ఇట్టే అయిపోతుందనుకున్నాడు. కానీ టీవీ మొరాయించడం మొదలుపెట్టింది. బొమ్మ ఆగిపోయేది, నడుమ ఒక చక్రం గిర్రున తిరిగేది. ఆ చక్రానికి దారం తగిలిస్తే కొత్తవాడ మగ్గాలన్నిటికీ సరిపోయేంత నూలు వడికి ఉండేది. సీరియల్లో అత్త కోడలిని కొట్టడానికి చెయ్యి ఎత్తితే, ఆ చెయ్యి చెంప మీద పడేలోపు కట్టమ్మ లేచి పప్పు కడిగి, ఉడికించి, పోపు పెట్టి వచ్చి కూర్చునేది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండేది. గదిలో సారంగపాణి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండేవాడు.

ఆ రోజు మాత్రం కూర్చుంటే కుదరదు. హసన్‌పర్తిలో కాలేజీల రోడ్డు మీద రాజమల్లు షట్టర్ ఖాళీ అయింది. సొంతంగా టైలరింగ్ దుకాణం పెట్టాలన్నది సారంగపాణి ఏనాటిదో కోరిక. పొద్దున్నే రాజమల్లు ఫోన్ చేశాడు.

"తమ్మీ, పొద్దుగూకేదాక నీ కోసం చూస్త. అటెన్క సెల్‌ఫోన్ కవర్లు అమ్మే పిలగాడు వస్తడు, తాళంచెవి వాని చేతుల పెడత. మల్ల నన్ను అనద్దు."

తలనొప్పి అని మామకు చెప్పి మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు సారంగపాణి. అన్నం తిని కాసేపు నడుం వాల్చాడు. కళ్లు తెరిచేసరికి హాల్లోంచి సీరియల్ సంగీతం వినిపించింది. సంగీతం సగంలో ఆగింది. తెర సందులోంచి చూస్తే, చక్రం తిరుగుతోంది. ఇంట్లో మూడో మనిషి లేదు. మామ దుకాణంలో, భార్య వినోద పరకాలలో చుట్టాలింట్లో తొట్టెల ఫంక్షన్లో ఉన్నారు.

వినోదకు ఫోన్ చేశాడు.

"మీ అమ్మ సీరియల్ ఒడుస్తలేదు, లెవ్వుమంటే మల్ల పడ్తది, నేను బయటికి పోతలేను. టీవీల క్యాష్ క్లియర్ చేస్తే ఉరుకుతది. జర మీ అమ్మకు చెప్పు."

"నాకేమెరుకయ్యా గవన్ని? ఆగు, ఇద్దర్ని కలుపుత. నువ్వు చెప్పు, నేను అమ్మకు చెప్త."

అలా మొదలైంది వైద్యం. తెరకు ఇవతల మంచం మీద అల్లుడు, అవతల పది అడుగుల దూరంలో అత్త, ఇద్దరి చెవుల దగ్గరా ఫోన్లు. "సెట్టింగ్స్‌కు పొమ్మను" అన్నాడు సారంగపాణి. ఆ మాట కట్టమ్మకు ఫోన్లోనూ వినబడింది, తెర దాటి కూడా వినబడింది. రిమోట్ చేతిలోనే ఉంది. అయినా వేలు కదపలేదు. "అమ్మా, సెట్టింగ్స్‌కు పొమ్మంటాండు" అని వినోద అన్నాకే నొక్కింది. ప్రతి మాటా మట్టెవాడలో బయల్దేరి, పరకాల పోయి, తొట్టెల భోజనంలో ఓ ముద్ద తిని, మళ్లీ మట్టెవాడకు చేరుకునేది.

"యాప్స్ అని ఉంటది, గది నొక్కుమను. అండ్ల సీరియల్ యాప్ తెరువుమను."

"అమ్మా, యాప్స్ అట. సీరియల్ వచ్చేది తెరువు."

"తెరిచిన గని బిడ్డా," అంది కట్టమ్మ, "గింతకు దీనికి ఏం రోగమొచ్చిందో అడుగు మీ ఆయనను."

సారంగపాణికి తెలిసిన భాష ఒక్కటే. "బట్ట కత్తిరిస్తే పీలికలు పడుతయి గద. టీవీ గూడ చూసిన ప్రతి బొమ్మ నుంచి ఒక పీలిక దాసుకుంటది, మల్ల అక్కెరకొస్తదని. కింద పీలికలు నిండితే మిషన్ మీద కాలు ఆడదు. గవి ఊడ్చెయ్యాలె, గంతే."

వినోద నోటి నుంచి అది తిరిగి రాకముందే కట్టమ్మ గొంతు లేచింది. "పీలికలు ఊడ్చుడేంది? బొంతకు పనికొస్తయి. నేను ఇప్పటిదాక ఒక్క పీలిక పారెయ్యలేదని చెప్పు. దర్జీ అయ్యుండి గిట్లనా మాట్లాడేది?"

"అమ్మా, గది టీవీయే! బొంత గాదు!"

"క్లియర్ అని రెండుంటయి," సారంగపాణి తొందరపడ్డాడు. "పైది ముట్టద్దు. ముడితే థాను గూడ పోతది, మల్ల పాస్‌వర్డ్ కొట్టాలె. కిందిది, క్లియర్ క్యాష్, గది నొక్కుమను."

వినోద చెప్పింది. కట్టమ్మ నొక్కలేదు. పైదీ కిందిదీ చూస్తూ కూర్చుంది. కిటికీ చువ్వల నీడలు సాగి మంచం మీదికి వచ్చాయి.

"గింత ఆగమెందుకయ్యా?" అంది వినోద. "రేపు పోరాదు?"

సారంగపాణికి ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో ఫోన్లో ఎంతమంది ఉన్నారో మరిచిపోయాడు. "రేపెక్కడిది వినోదా? రాజమల్లన్న పొద్దుగూకేదాకనే ఉంటడు. షట్టర్ ఎన్క రూం గూడ ఉన్నదంట. మనిద్దరికి సాలు. ఈ గోదాంల నుంచి బయటపడ్తం."

"అయ్యో, నీ నోట్ల మన్నువడ! అమ్మ లైన్ల ఉన్నది!"

ఫోన్ కట్ అయింది. హాల్లో రిమోట్ మీద వేలు పడిన టిక్కుమనే శబ్దం వినిపించింది.

క్యాష్ పోయింది. టీవీ కాళ్లకు కట్టిన తాడు విప్పిన గుర్రమైంది. ఎత్తిన చెయ్యి చెంప మీద పడింది, కోడలు ఏడ్చింది, మొగుడు వచ్చాడు, నిజం తెలిసింది, సీరియల్ ముగిసింది. నటీనటుల పేర్లు చదవడానికి వీల్లేనంత వేగంగా పరుగెత్తాయి. సారంగపాణి చొక్కా వేసుకొని, కుర్చీ కిర్రుమనడం కోసం చెవులు రిక్కించి నిలబడ్డాడు.

కుర్చీ కిర్రుమనలేదు. ఇంకో సీరియల్ మొదలైంది. అదీ అయిపోయింది. కట్టమ్మ ఎన్నడూ చూడని వంటల కార్యక్రమం వచ్చింది. చక్రం ఒక్కసారీ తిరగలేదు. అప్పుడు అర్థమైంది అతనికి. తనను పట్టి ఉంచింది టీవీ కాదు. ఆమె లేవడం లేదు.

తెర దగ్గరికి వెళ్లాడు. దగ్గుదామంటే గొంతులోకి ఆమె మోకాలు అడ్డం వచ్చింది. సందులోంచి చూస్తే కట్టమ్మ తల మీద కొంగు నిండుగా కప్పి ఉంది. అంటే అతను అక్కడ నిలబడ్డాడని ఆమెకు తెలుసు. ఆమె రిమోట్‌ను నోటి దగ్గర పెట్టుకొని మైకు గుర్తు నొక్కింది.

"నా బిడ్డను తీస్కపోతడా?"

టీవీ ఆ మాటల్ని పెద్ద అక్షరాలతో స్క్రీన్ మీద రాసింది. కింద అప్పగింతల పాటలు వరుస కట్టాయి.

మూడో మనిషి దొరికింది. సారంగపాణి ఆ అక్షరాల వంకే చూశాడు. అవునని చెప్పెయ్యొచ్చు. కానీ అవునన్నాక ఆమె ఆ కుర్చీలోంచి లేస్తుందా? చువ్వల మీద ఎండ ఎర్రబడింది. హసన్‌పర్తిలో ఒక కుర్రాడు తాళంచెవి కోసం చెయ్యి చాపుతున్నాడు.

"టీవీకి చెప్తాన," అన్నాడు. "దుకాణం ఒక్కటే హసన్‌పర్తిల. తినుడు, పండుడు ఈడనే."

కట్టమ్మ మళ్లీ మైకు నొక్కింది. "దినాం వస్తరా ఇద్దరు?"

"వస్తం."

"ఒట్టేనా?"

టీవీ ఒట్టుల గురించి తనకు తెలిసిన సినిమాలన్నీ చూపించింది. సారంగపాణి కళ్లు మూసుకున్నాడు. "ఒట్టే."

కుర్చీ కిర్రుమంది. కట్టమ్మ గోడ పట్టుకొని, కాలు ఈడ్చుకుంటూ వంటగది తలుపు వెనక్కి వెళ్లింది. హాలు ఖాళీ అయింది.

ఆ సాయంత్రం హనుమకొండ చౌరస్తాలో అతని బండి చక్రాలు నేలను తాకకపోవడం చూసినవాళ్లు లేరు గానీ, తాకలేదని విన్నవాళ్లు ఉన్నారు. వెళ్లేసరికి కవర్ల కుర్రాడు గోడకు మేకు కొట్టడానికి సుత్తి ఎత్తి ఉన్నాడు. రాజమల్లు అతన్ని పక్కకు జరిపి తాళంచెవి సారంగపాణి చేతిలో పెట్టాడు.

"రా తమ్మీ, ఎన్క రూం చూపిస్త."

చిన్న గది. కొత్త సున్నం వాసన. కిటికీకి చువ్వలు లేవు, రెక్కలు తీస్తే చెరువు మీది గాలి ముఖానికి కొట్టింది.

"ఈడ పొయ్యి, ఈడ మంచం. ఇద్దరికి మస్తు," అన్నాడు రాజమల్లు.

"బట్ట పెట్టుకుంటనే అన్నా, ఈ రూంల."

"బట్టకు గింత గాలెందుకయ్యా?"

జవాబు చెప్పేలోపు ఫోన్ మోగింది. వినోద.

"అమ్మ ఫోన్ చేసింది. రూం తీస్కుంటలేవట గద, మస్తు సంబురపడ్తాంది."

"ఊఁ."

అటువైపు తొట్టెల పాటలు, ఎవరో నవ్వుతున్న చప్పుడు. ఆ తర్వాత వినోద గొంతు మెల్లగా వచ్చింది. "నేనీడ బజార్ల గిన్నెలు కొన్న. చిన్నయే, రెండు పానాలకు సాలేటియి. సరే తియ్యి, వాపసిస్త."

సారంగపాణి కిటికీ రెక్కలు మూసి గడియ పెట్టాడు. థాన్లకు దుమ్ము పట్టకూడదు కదా.